రెండోసారి వచ్చిన పార్సిల్ ఎవరిది?



మన నోట ఊరికే వచ్చే మాట ఒకటుంది: "దేవుడిచ్చిండు." వాన పడితే అంటాం, పంట చేతికొస్తే అంటాం, బిడ్డ పుడితే అంటాం. అనవలసిన మాటే. కానీ ఈ మధ్య మన జడ్చర్ల ఇళ్లలో ఈ మాట ఇంకో చోట కూడా వినబడుతోంది. ఫోన్‌లో ఒక వస్తువు ఆర్డర్ పెడతాం, ఒకదానికే డబ్బు కడతాం. కంపెనీ పొరపాటు పడి అదే వస్తువు మళ్లీ పంపుతుంది. రెండో డబ్బా చూసి ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు అనేది ఇదే: "దేవుడిచ్చిండు, ఊకో. అంత పెద్ద కంపెనోళ్లకు ఒక్కటి పోతే ఏమైతది?"

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఆ రెండో డబ్బా దేవుడిచ్చినది కాదు, గోదాములో లెక్క తప్పి వచ్చినది. దాన్ని తిరిగి ఇవ్వడం మన బాధ్యత. తిరిగి ఇస్తానన్నవారి దగ్గర నుంచి తిప్పలు పెట్టకుండా తీసుకోవడం పంపినవారి బాధ్యత. మొదటి మాట మాత్రమే చెప్పి ఊరుకుంటే అది పేదవాడి నెత్తిన బరువు పెట్టడమే అవుతుంది. రెండోది మాత్రమే చెబితే కోపం మిగులుతుంది గానీ నీతి మిగలదు. అందుకే రెండూ కలిపి చెబుతున్నాం.

మా సంఘంలో కుట్టుపని చేసుకుని బతికే ఒక సహోదరి కుట్టు మిషన్‌కు మోటారు తెప్పించుకుంది. మంగళవారం ఒకటి వచ్చింది, శుక్రవారం ఇంకొకటి వచ్చింది. ఆమె తిరిగి పంపుదామనుకుంది. అక్కడ మొదలైంది తిప్పలు. యాప్‌లో వాపసుకు కారణం ఎంచుకోమన్నారు: పగిలింది, పనిచేయడం లేదు, వేరే వస్తువు వచ్చింది, ఇక వద్దు. "ఎక్కువ వచ్చింది" అనే మాట ఎక్కడా లేదు. దగ్గరగా ఉందని "వేరే వస్తువు వచ్చింది" నొక్కితే, సరుకు తీసుకోగానే మీ డబ్బు మొత్తం వెనక్కి వేస్తామని మెసేజ్ వచ్చింది. ఆమె కంగారు పడింది. డబ్బు వెనక్కి వస్తే మొదటి మోటారు ఊరికే వచ్చినట్టవుతుంది కదా! ఒక తప్పు దిద్దబోతే ఇంకో తప్పు మెడకు చుట్టుకుంది. ఆ వాపసును రద్దు చేసి ఫోన్ చేసింది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. వాళ్ల తెర మీద ఒక్క ఆర్డరే ఉంది, అది "అందింది" అని ఉంది. ఇక సమస్య ఏముంది అని వాళ్లు. తీసుకెళ్లడానికి వచ్చిన పిల్లవాడు డబ్బా మీద ఉన్న నంబరు తన ఫోన్‌లోని నంబరుతో కలవడం లేదని వెళ్లిపోయాడు. రెండోసారి ఇంకొకడు వచ్చాడు, అదే మాట చెప్పి వెళ్లాడు. వాళ్ల కోసం ఇంటిపట్టున కాచుకున్న రోజుల్లో ఆమె అంగడికి వెళ్లి బట్టలు తెచ్చుకోలేకపోయింది. చివరికి సంఘంలోని ఇద్దరు యువకులు కూర్చుని కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాసి, రెండు డబ్బాల ఫొటోలు జతచేసి పంపారు. అప్పుడు గానీ సరైన చీటీతో మనిషి రాలేదు.

ఈ సంగతి తెలిసినవాళ్లు కొందరు నవ్వారు. "ఊకుంటే అయిపోవు గదా, నిజాయితీకి ఇదీ కూలి" అన్నారు. ఆ నవ్వు దగ్గర మనం ఆగి ఆలోచించాలి. దొంగకు ఏ అడ్డూ లేదు. డబ్బా అమ్ముకుని కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగలేదు. తిరిగి ఇస్తానన్న మనిషికే మూడు వారాల శిక్ష పడింది. ఇలాంటి ఏర్పాటు చూసిన పిల్లలు ఏం నేర్చుకుంటారు? మరోసారి ఇలా జరిగితే ఎంతమంది ఫోన్ చేస్తారు?

లేఖనాల్లో దీనికి దగ్గరి సంగతి ఒకటుంది. ఆదికాండము 42, 43 అధ్యాయాలు తెరవండి. కరువు కాలంలో యాకోబు కుమారులు ఐగుప్తుకు వెళ్లి ధాన్యం కొన్నారు. దారిలో ఒకడు గోనె విప్పితే తాము కట్టిన రూకలు దాని మూతిలో ఉన్నాయి. ఇంటికి వచ్చి చూస్తే అందరి గోనెల్లోనూ అలాగే ఉంది. యోసేపు చెప్పి పెట్టించాడని వాళ్లకు తెలియదు. వాళ్లు కూడా దేవుని పేరు ఎత్తారు. కానీ సంబరంతో కాదు, వణుకుతో ఎత్తారు. దేవుడు మనకు ఇలా ఎందుకు చేశాడని ఒకరినొకరు అడుగుకున్నారు. తరువాత రెండోసారి ధాన్యానికి వెళ్లేటప్పుడు ముసలి యాకోబు ఏం చెప్పాడు? కొత్త ధాన్యానికి డబ్బు వేరుగా తీసుకుపొమ్మన్నాడు, గోనెల్లో వచ్చినది తిరిగి అప్పజెప్పమన్నాడు, అది ఎవరి పొరపాటో అయి ఉండవచ్చని అన్నాడు. కరువులో ఉన్న ఇల్లు అది. తినడానికి గింజ లేదు. అయినా చేతికి వచ్చిన దాన్ని దీవెన అనకుండా, ఎవరి లెక్క తప్పిందో అని మొదట ఆలోచించాడు ఆ పెద్దాయన.

ఆ తరువాత జరిగింది కూడా చదవాలి, సాధారణంగా మనం దాటిపోయే భాగం అదే. అన్నదమ్ములు యోసేపు ఇంటి గుమ్మం దగ్గర భయపడుతూ నిలబడ్డారు. ఈ డబ్బు సాకుతో తమను పట్టి దాసులను చేస్తారని వాళ్ల భయం. గృహనిర్వాహకుడికి మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నారు. అతడు విన్నాడు. భయపడవద్దన్నాడు, మీ డబ్బు నాకు ముట్టిందన్నాడు, షిమ్యోనును వాళ్లకు అప్పగించాడు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చాడు, వాళ్ల గాడిదలకు మేత వేయించాడు. తప్పుగా వచ్చినది తిరిగి తెచ్చిన మనిషిని ఎలా ఎదుర్కోవాలో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? కొన్ని వేల ఏళ్ల నాటి ఆ నిర్వాహకుడికి కంప్యూటర్ లేదు, యాప్ లేదు. ఎదుటివాడి మాట చివరి దాకా వినే ఓపిక ఉంది.

ఈ ఓపిక మనకు కొత్త కాదు. బాదేపల్లి బజారులో కిరాణం కొట్టుకు పోయి "శేటు, పప్పు పొట్లం ఒకటి ఎక్కువొచ్చింది" అంటే ఒక్క మాటలో పని అయిపోతుంది. శేటు తీసుకుంటాడు, పిల్లల చేతిలో ఒక చాక్లెట్ పెట్టినా పెడతాడు. ఇక ఆ ఇంటికి ఉద్దెర ఇవ్వడానికి ఆయన వెనుకాడడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య మనిషి మొహం ఉన్నప్పుడు నిజాయితీకి విలువ వెంటనే దొరుకుతుంది. మొహం లేని చోట దానికి ఒక మీట కూడా మిగల్లేదు.

"అంత పెద్ద కంపెనీకి ఏమైతది" అనే మాటకు కూడా జవాబు చెప్పుకోవాలి. నిర్గమకాండము 23:4లో తప్పిపోయిన ఎద్దు శత్రువుది అయినా సరే తోలుకుపోయి అప్పగించమని ఉంది. యజమాని మంచివాడా, ధనవంతుడా అని ధర్మశాస్త్రం అడగలేదు. పైగా ఆ గోదాముల్లో డబ్బాలు కట్టేది ఎవరు? హైదరాబాదు దారిలో షాద్‌నగర్, కొత్తూరు వైపు గోదాముల్లో, రాత్రి షిఫ్టుల్లో నిలబడి పనిచేసేవాళ్లలో మన పాలమూరు పిల్లలూ ఉన్నారు. దూరాన ఎవరో రాసే లెక్కలో తేడా వస్తే కూలివాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మేస్త్రీల వెంట వలసపోయిన మన పెద్దలకు చెప్పనక్కరలేదు.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షన్ ప్రకారం, పొరపాటున డబ్బు గానీ వస్తువు గానీ ముట్టినవారు దాన్ని తిరిగి ఇవ్వాలి. అడగని సరుకు తపాలాలో వస్తే ఉంచుకోవచ్చని అమెరికాలో 1970లో ఒక చట్టం వచ్చింది. అడగకుండా పంపి డబ్బు గుంజే వ్యాపారులను ఆపడానికి దాన్ని తెచ్చారు. అక్కడి బంధువులు చెప్పారని దాన్ని ఇక్కడికి అతికించుకోకూడదు.

అదే సమయంలో చట్టం అమ్మేవాడినీ వదలలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఇ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అంగడికీ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరు, సంప్రదించే వివరాలు కనబడేటట్టు పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇది మనకున్న హక్కు, ఎవరూ చేసే ఉపకారం కాదు.

కాబట్టి ఇలాంటి పార్సిల్ మీ ఇంటికి వస్తే ఇలా చేయండి. డబ్బా విప్పకండి, వాడకండి. రెండు డబ్బాల మీద ఉన్న చీటీలను ఫొటో తీయండి. యాప్‌లో ఉన్న సహాయం పేజీ నుంచే రాయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకవద్దు, అక్కడ మోసగాళ్లు వల వేసి కూర్చున్నారు. ఓటీపీ అడిగినా, ఫోన్‌లో వేరే యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. "నాకు డబ్బు వాపసు వద్దు, ఎక్కువ వచ్చిన వస్తువును మీ ఖర్చుతో తీసుకుపోండి" అని స్పష్టంగా రాయండి. తీసుకుపోయినవారి దగ్గర రసీదు అడగండి. జవాబు రాకపోతే ఫిర్యాదుల అధికారికి, అక్కడా కాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ డబ్బు కూడా ఇరుక్కుని ఉంటే మహబూబ్‌నగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊరిదైనా మనం నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

అన్నీ చేశాక కూడా ఎవరూ రాకపోతే? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం మొదటి మూడు వచనాలు మనకు ఊరటనిస్తాయి. తప్పిపోయిన పశువు యజమాని దూరాన ఉంటే, లేదా ఎవరో తెలియకపోతే, దాన్ని నీ ఇంటికి తెచ్చి అతడు వెతుక్కుంటూ వచ్చేదాకా ఉంచమని అక్కడ ఉంది. పని మానుకుని ఊరూరా తిరగమని దేవుడు చెప్పలేదు. చెప్పాల్సినవారికి చెప్పాం, రాతలో ఉంది, డబ్బా భద్రంగా ఉంది, వచ్చి అడిగితే ఇస్తాం. అంతవరకు మన మనస్సాక్షి నిర్మలమే.

ఇంకొక్క మనవి. గుమ్మంలోకి వచ్చిన పిల్లవాడి మీద కోపం చూపకండి. ఆ డబ్బా కట్టింది అతడు కాదు, ఆ యాప్ చేసింది అతడు కాదు. ఎండలో బండి మీద వచ్చినవాడికి ముందు మంచినీళ్లివ్వండి. కోపం రావడం న్యాయమే, దాన్ని రాతలో పెట్టి అందాల్సిన చోటికి పంపండి.

మనలో అంగడి నడిపేవాళ్లు, ఫోన్‌లో చీరలు అమ్మే అక్కలు, విత్తనాల కొట్లలో లెక్కలు రాసే తమ్ముళ్లు ఉన్నారు. ఎవరైనా ఎక్కువ వచ్చిందని తిరిగి తెస్తే వాళ్లను అనుమానంగా చూడకండి, రేపు రమ్మనకండి. అప్పుడే తీసుకోండి, రెండు మంచి మాటలు చెప్పండి. మళ్లీ తిరిగి ఇవ్వాలనిపించేటట్టు వాళ్లను పంపండి.

మనది కానిదాన్ని మనది అనుకోని హృదయాన్ని, మనదైన దాన్ని ధైర్యంగా అడిగే నోటిని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.