జాబితాలో లేని జబ్బు

నడుం నొప్పి, మెడ నొప్పి, భుజాలు పట్టేయడం, మణికట్టు లాగడం, మోకాళ్ళు వాచడం - ఏ మహిళా సంఘం సమావేశంలో ఆరోగ్యం మాట ఎత్తినా ముందు వినబడేవి ఇవే. అయినా వీటిని జబ్బులుగా చెప్పుకునే అలవాటు మనకు లేదు. 'వయసు మీద పడింది', 'బాలింతప్పుడు పథ్యం సరిగ్గా చేయలేదు', 'పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఇంతే' అని సరిపెట్టుకుంటాం. రోజంతా ఏం పని చేస్తున్నావు, ఎలా కూర్చుని చేస్తున్నావు, ఎన్ని గంటలు చేస్తున్నావు అని డాక్టరు అడగడు. యజమాని సరేసరి. మనలో మనమూ అడుగుకోం. ఆ ప్రశ్న వేయవలసిన సమయం వచ్చిందని మేం భావిస్తున్నాం.

కండరం బిగియడం, సడలడం రెండూ జరుగుతుంటేనే దానిలోకి రక్తం సరిగ్గా ప్రసరిస్తుంది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే, బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. ప్రాణవాయువు చాలదు, అలసట తీరదు, నొప్పి మొదలవుతుంది. ఒకే కదలికను రోజూ వేలసార్లు చేస్తే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళు ఒరుసుకుని వాస్తాయి. మణికట్టు దగ్గర ఆ వాపు నరాన్ని నొక్కితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరికి అర్ధరాత్రి మెలకువ వస్తుంది. వంగి బరువెత్తినప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళల మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. మొదట్లో ఈ నొప్పులన్నీ విశ్రాంతితో తగ్గేవే. ఆ విశ్రాంతి దొరకనప్పుడే అవి పాతుకుపోతాయి.

మరి ఆ విశ్రాంతి ఎవరికి దొరుకుతోంది? నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చేసే స్త్రీలు ఒళ్ళో చాట పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మెడ వంచి రోజంతా కూర్చుంటారు. తునికాకు కత్తిరించడం, పొగాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మలవడం - ప్రతి బీడీకీ అవే వేళ్ళు, అవే కదలికలు. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచి నాలుగడుగులు నడిస్తే ఆ మేరకు కూలి తగ్గుతుంది. వరినాట్లలోనూ ఇదే కథ. మడిలో నడుం వంచి వెనక్కి వెనక్కి జరుగుతూ నాటే పనిని ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకుంటే, నడుం ఎత్తడానికి ఎవరికీ తీరిక ఉండదు. పొలంలో దుక్కికి ట్రాక్టరు వచ్చి చాలా కాలమైంది. వంగి చేసే నాటు, కలుపు మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ చేతులకే మిగిలాయి. భవన నిర్మాణంలో ఇటుకలు, ఇసుక, కాంక్రీటు మోసే తలలు ఆడవాళ్ళవి. నగరంలో బట్టల దుకాణంలో నిలబడే అమ్మాయికి కాళ్ళలో సిరలు ఉబ్బుతాయి. కుట్టుమిషన్ ముందు, కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి మెడ, భుజాలు పట్టేస్తాయి. పని వేరైనా కారణం ఒకటే. పని వేగాన్నీ, భంగిమనూ నిర్ణయించే అధికారం ఆ పని చేసే మనిషి చేతిలో లేదు.

కూలిపని అయ్యాక ఇంటి చాకిరీ ఉండనే ఉంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే వెచ్చిస్తున్నారు. పాల్గొనే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. పొలంలో వంగిన నడుమే అంట్ల దగ్గర, బట్టల దగ్గర మళ్ళీ వంగుతుంది. దీనికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. రక్తం చాలని ఒంట్లో కండరం త్వరగా అలసిపోతుంది, ఆలస్యంగా కోలుకుంటుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఆచారానికి కూడా ఈ నొప్పిలో వాటా ఉంది.

నొప్పికి కారణం పనిలో వెతకకపోతే, వైద్యం కూడా తప్పుదారి పడుతుంది. ఊళ్ళో దొరికే నొప్పి సూది, మాత్రలతో పూట గడిపేవాళ్ళు ఎందరో. అవి ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుళ్ళు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంకా ఘోరమైనది మరొకటుంది. నడుం నొప్పి అని, తెల్లబట్ట అని వెళ్ళిన స్త్రీలకు గర్భసంచి తీసేసి పంపడం మన జిల్లాల్లో మామూలైపోయింది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. ఇవన్నీ నడుం నొప్పికే చేశారని మేం అనడం లేదు. కానీ వంగి చేసే పని వల్ల వచ్చిన నొప్పి గర్భసంచి తీస్తే పోదు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. అప్పుచేసి ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ, అదే నొప్పితో అదే పనికి మళ్ళీ వెళుతుంది.

ఇక చట్టం సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియజేయవలసిన 29 వృత్తివ్యాధుల జాబితా ఉండేది. సీసం విషం ఉండేది, సిలికోసిస్ ఉండేది, వినికిడి పోవడం ఉండేది. కండరాల, కీళ్ళ జబ్బు ఒక్కటీ ఉండేది కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా వాటికి ఆ జాబితాలో చోటివ్వలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో మాత్రం మణికట్టు, మోచేయి, మోకాలి జబ్బులు వృత్తివ్యాధులుగా స్పష్టంగా ఉన్నాయి. జాబితాలో లేని జబ్బును ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలో లేని జబ్బుకు నష్టపరిహారం అడిగే దారి ఇరుకైపోతుంది. ఇల్లే పనిస్థలమైన బీడీ కార్మికురాలి గడప దాకా వచ్చి ఆమె ఎలా కూర్చుంటోందో చూసే ఇన్‌స్పెక్టరు ఎక్కడున్నాడు?

అడిగితే మారదా అంటే, మారిన ఉదాహరణ మన పొరుగునే ఉంది. కేరళలో కోళిక్కోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు రోజంతా నిలబడే ఉండాలన్న నియమాన్ని ఎదిరించారు. 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడి, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఆసనాలు ఏర్పాటుచేయడం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది. ఒక స్టూలు కోసం చట్టమా అని నవ్వినవాళ్ళకు ఆ స్త్రీలు ఇచ్చిన జవాబు అది.

నివారణ అంటే వ్యాయామాల జాబితా ఒక్కటే అనుకోవద్దు. గంటకోసారి లేచి ఒళ్ళు విరుచుకోవడం, బరువెత్తేటప్పుడు మోకాళ్ళు వంచి బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం మేలు చేస్తాయి. కానీ లేచే వ్యవధి కూలిరేటులో ఉండాలి. ముక్కపనికి, గుత్తపనికి రేటు కట్టేటప్పుడు విశ్రాంతి సమయాన్ని కలిపి కట్టాలని అడుగుదాం. వీపుకు ఆనుడున్న ఆసనం, ఎత్తుకు తగిన బల్ల, పొడుగు పిడి పనిముట్లు, మోతబరువుకు పరిమితి అడుగుదాం. నాటు యంత్రాలు, కలుపు యంత్రాలు వచ్చినచోట వాటిని నడిపే శిక్షణ ముందు స్త్రీలకే ఇవ్వాలని పట్టుబడదాం. లేకపోతే నొప్పితోపాటు కూలీ పోతుంది. ఇంటిపనిలో మగవాళ్ళ వాటా గురించి ఇంట్లోనే మాట్లాడదాం.

కార్యకర్తలు వెంటనే మొదలుపెట్టగల పని ఒకటుంది. సమావేశంలో నేలమీద ముగ్గుతో ఒక మనిషి బొమ్మ గీసి, ఎవరికి ఎక్కడ నొప్పో అక్కడ ఒక గింజ పెట్టమనండి. ఏ పని, రోజుకెన్ని గంటలు, ఎన్నేళ్ళుగా అన్నది పక్కన రాసుకోండి. ఒకే పని చేసేవాళ్ళ గింజలు ఒకేచోట కుప్పపడితే, అది ఎవరి ఒక్కరి ఖర్మా కాదని అందరికీ అర్థమవుతుంది. ఆ కాగితాన్ని కార్మిక శాఖ అధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు అందజేయండి. కాళ్ళు చచ్చుబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి పంపించండి. గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే మరో డాక్టరును కూడా అడగమని చెప్పండి.

బీడీ చుట్టే స్త్రీ మెడనొప్పి, నాటు వేసే స్త్రీ నడుంనొప్పి ప్రభుత్వ జాబితాకు ఎక్కాలంటే, ముందు అవి మన సంఘాల డిమాండ్ల పత్రాలకు ఎక్కాలి. కూలిరేట్ల పక్కనే వాటినీ రాద్దాం.