కడప ఎండలో రాంబుటాన్: ఉద్యాన విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ

వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

కేరళ నుంచి వచ్చే రాంబుటాన్ పండ్ల ధర చూస్తే, మన చేలోనూ నాటుదామని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులకు ఆశ పుట్టడం సహజం. డ్రిప్పు ఉంది కదా అనే ధీమా కూడా ఉంటుంది. ఆ ధీమాతోనే నాకు పేచీ. మలయా, ఇండోనేసియా వర్షారణ్యాల్లో పుట్టిన ఈ చెట్టు 2,000 మి.మీ. దాకా వాన పడే తేమగాలి సీమల్లో హాయిగా పెరుగుతుంది. కడప జిల్లా సగటు వర్షపాతం 700 మి.మీ. దరిదాపుల్లోనే, పడమటి మండలాల్లో అంతకూ తక్కువ. వాన లోటును డ్రిప్పు కొంత పూడ్చినా, మే నెల వడగాలిని ఆపలేదు. 40 డిగ్రీలు దాటిన పొడిగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. నేల సంగతి అంతకంటే గట్టిది. రాంబుటాన్‌కు కాస్త ఆమ్లగుణమున్న నేల కావాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల కింద ఉన్నది సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. పైనున్న నల్లరేగడిది క్షారగుణం. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు సరిగా అందదు, లేతాకులు పసుపెక్కుతాయి. మందులతో ఏడాదో రెండేళ్లో నెట్టుకురావచ్చు, చెట్టు బతికినన్నాళ్లూ ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? కాసినా చిక్కే: ఈ పండు కోశాక మాగదు, పొడిగాలి తగిలితే కొద్దిరోజులకే తొక్క నల్లబడుతుంది.

అరటి కూడా వర్షారణ్యాల నుంచి వచ్చిందేగా, పులివెందుల దాన్ని పండించి చూపలేదా అని అడగవచ్చు. పండించింది, అది రైతుల కష్టానికి దక్కిన ఫలం. అయితే అరటి ఏడాదికి గెల ఇచ్చే మొక్క, దెబ్బతింటే మరుసటి ఏడు పంట మార్చుకోవచ్చు. అంటుకట్టిన రాంబుటాన్ మాత్రం కాపు మొదలుపెట్టడానికే కొన్నేళ్లు తీసుకుంటుంది. పొరపాటు తెలిసేసరికి పెట్టుబడీ కాలమూ రెండూ పోతాయి. ఇక నీళ్ల సంగతి: గండికోట జలాశయంలో 26.85 టీఎంసీలు, చిత్రావతి జలాశయంలో 10 టీఎంసీలు నిలపవచ్చన్నది నిజమే. గండికోటకు వచ్చేది కృష్ణ వరద నీరు, అది ఏటా ఒకేలా రాదు. నీళ్లు తప్పిన ఏళ్లలో చీనీ తోటలే నిలువునా ఎండిన నేల ఇది. నీడవలలు, తుంపర యంత్రాలు పెడితే సరిపోతుందంటారా? ఎకరాల లెక్కన ఆ బరువు చిన్న రైతు మోయలేడు.

నేను నిషేధం కోరడం లేదు. కోడూరు దగ్గరి అనంతరాజుపేట పరిశోధన కేంద్రంలో వచ్చే ఫలితం పులివెందుల, జమ్మలమడుగు నేలలకు వర్తించదు కాబట్టి, ఈ రెండుచోట్లా ప్రయోగ క్షేత్రాలు పెట్టండి. ఐదారేళ్ల దిగుబడి, ఖర్చు, నష్టం లెక్కలు తెలుగులో ప్రకటించండి. అప్పటిదాకా ఈ చెట్టును సిఫారసు చేయకండి. అంతకంటే ముఖ్యంగా నేరేడు, సీతాఫలం, ఉసిరి మీద పరిశోధన పెంచండి. రాంబుటాన్‌కు చుట్టమైన కుంకుడు చెట్టు మన ఎండకు తట్టుకుని నిలుస్తోంది, దాని వైపూ చూడండి. మొక్క కొనే ముందే రైతుకు నిజం చేరేలా చూడమని విన్నపం.