మిల్లీవాట్లు లెక్కపెట్టిన వాళ్లం

2010లో విదేశాల్లో కొందరు లేజర్ పిచ్చివాళ్లు చేసిన పని ఇంట్లో లేజర్లు తయారుచేసుకునే మా మధ్య ఇప్పటికీ ఘనకార్యంగానే చెలామణి అవుతోంది. కొత్త కేసియో ప్రొజెక్టర్లు కొని, వాటిని విప్పి, లోపలున్న నీలం లేజర్ డయోడ్‌లను పెరికారు. ఒక్కో ప్రొజెక్టర్‌లో 24 డయోడ్‌లు, ఒక్కోదాని శక్తి ఇంచుమించు ఒక వాట్. ఆ తర్వాత అలాంటి డయోడ్‌లు విడిగా అమ్మకానికొచ్చి మా చేతుల్లోనూ పడ్డాయి. కరెంటును అదుపు చేసే ఎల్ఎం317 ఐసీ, హీట్‌సింక్, రెండు 18650 బ్యాటరీలు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఎలాగూ దొరుకుతాయి. ఒక్క సాయంత్రంలో అగ్గిపుల్ల వెలిగించే యంత్రం తయారు.

ఏ డయోడ్ ఎంత కరెంటు తట్టుకుంటుందో మాకు నోటికొచ్చు. ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు తగిలి అది పాడవుతుందేమోనని మణికట్టుకు ఎర్త్ స్ట్రాప్ కట్టుకుని మరీ సోల్డరింగ్ చేసేవాళ్లం. కళ్లకు మాత్రం ఏమీ పెట్టుకోలేదు. డయోడ్ కాలిపోతే కారణాలు వెతుకుతూ అర్ధరాత్రి దాకా చర్చించుకున్నాం. కన్ను కాలితే ఏమవుతుందన్న ప్రశ్న మా చర్చల్లోకి రాలేదు. తెలియక కాదు. మాలో చాలామందిమి ఇంజనీరింగ్ చదివినవాళ్లమే.

లెక్కేమీ కష్టమైనది కాదు. కనుపాపలోంచి వెళ్లిన లేజర్ కిరణాన్ని కంటి కటకం రెటీనా మీద మిల్లీమీటర్‌లో ఒకటి రెండు వందో వంతుల చుక్కగా కుదిస్తుంది. కార్నియా మీద పడినప్పటితో పోలిస్తే అక్కడ తీవ్రత లక్ష రెట్ల దాకా పెరుగుతుంది. మిరుమిట్లు తగిలిన పావు సెకనులో మనిషి రెప్ప వాల్చేస్తాడని నమ్మి, కంటికి కనబడే కిరణాలకు ఒక మిల్లీవాట్ దాకా పర్లేదన్నారు. మా చేతుల్లో ఉన్నది దానికి వెయ్యి రెట్లు. అర వాట్ దాటితే అది నాలుగో తరగతి లేజర్: సూటిగా పడ్డ కిరణమే కాదు, దగ్గర్లోని తెల్లగోడ మీద పడి చెదిరిన వెలుగు కూడా ప్రమాదమే. మేం బెలూన్లు పగలగొట్టింది పడగ్గదుల్లో. పక్కన తమ్ముళ్లు, చెల్లెళ్లు చూస్తుండగా. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి, గాయమైనా ఆ క్షణంలో ఎవరూ అరవరు.

తర్వాత కళ్లద్దాలు వచ్చాయి. లేజర్‌తోపాటు ఉచితంగా ఇచ్చిన రంగు ప్లాస్టిక్ ముక్కలు. ఏ తరంగదైర్ఘ్యపు వెలుగును ఎన్నో వంతుకు తగ్గిస్తాయో వాటి మీద రాసి ఉండదు. ఉన్నా, నిజమో కాదో పరీక్షించే సాధనం మా దగ్గర లేదు. నీలాన్ని ఆపే నారింజ అద్దం ఎరుపును ఆపదు. అయినా మేం తీసి పెట్టే వీడియోల మొదట్లో వాటిని పెట్టుకుని కనిపించాం. దండం పెట్టుకుని బండి స్టార్ట్ చేసినట్టు. ఆ తర్వాత ఏం చేసినా బాధ్యతగా చేసినట్టే లెక్క.

ఆకుపచ్చ పాయింటర్ల విషయంలో మా తప్పు ఇంకా పెద్దది. వాటిలో చాలావాటిలో ఆకుపచ్చ వెలుగు నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ డయోడ్ ఒక స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 నానోమీటర్ల కిరణం వస్తుంది. రెండో స్ఫటికం దాన్ని సగానికి, 532కి తెస్తుంది. మిగిలిన పరారుణాన్ని ఆపే ఫిల్టర్‌ను చవక సరుకులో ఎగ్గొడతారు. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2010లో పరీక్షించిన ఒక పాయింటర్ మీద 10 మిల్లీవాట్లని రాసి ఉంది; ఆకుపచ్చ మసకగానే ఉంది గానీ కంటికి కనబడని పరారుణం దాదాపు 20 మిల్లీవాట్లు. కనబడని వెలుగుకు రెప్ప వాలదు. 2013లో అదే సంస్థ 122 పాయింటర్లను కొలిస్తే, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎరుపువాటిలో 44 శాతం అక్కడి నిబంధనలు దాటాయి. ఈ వార్తలు చదివాం. చదివి, పాయింటర్ మీద రాసినదానికన్నా ఎక్కువ శక్తి వస్తుందట అని సంబరపడ్డాం!

చూపులో మచ్చ పడిందని మాలో ఎవరైనా అంటే 'అజాగ్రత్తగా ఉండి ఉంటాడు' అని తేల్చేశాం. అలా తేల్చేస్తామని తెలిశాక చెప్పడమే మానేశారు. చెప్పేవాళ్లు లేకపోయేసరికి, ఇన్నేళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ధైర్యంగా చెప్పుకున్నాం. మేమే నోళ్లు మూయించి, ఆ మౌనాన్నే సాక్ష్యంగా చూపించాం.

2008లో రష్యాలో మాస్కోకి తూర్పున జరిగిన ఒక సంగీతోత్సవంలో వాన వల్ల టెంట్లు వేశారు. దాంతో ఆకాశంలోకి పోవాల్సిన లేజర్లు కిందున్న జనం మీద పడ్డాయి. దాదాపు ముప్ఫై మందికి చూపు దెబ్బతింది. ఆ ఉదాహరణ మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, షోలు చేసేవాళ్లను తిట్టడానికి. విమానాల మీదకు లేజర్ కొట్టేవాళ్లనూ అలాగే దుర్మార్గులని వేరు చేసేశాం. 2023లో ఒక్క అమెరికాలోనే అలాంటి ఫిర్యాదులు 13,304. ఆ చేతుల్లోకి వెళ్లిన సరుకును ఆటవస్తువుగా, అసూయ పుట్టించే వస్తువుగా మార్చిన వీడియోలు మాలాంటివాళ్లవే.

మొన్న ఒక ఇంటర్ కుర్రాడు ఐదు వాట్ల డయోడ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. దుకాణం పేరు, ధర, డ్రైవర్ సర్క్యూట్ నిమిషాల్లో చెప్పేశాం. వెలుగును కొలిచే మీటర్ ఉందా అని ఒక్కరమూ అడగలేదు. అడిగితే, మీ దగ్గరుందా అని వాడు ఎదురడిగేవాడు.