తుపాకీ హక్కు ముందా, పొరుగువాని ప్రాణం ముందా?

2025 జనవరి 16న బీదర్ పట్టణంలో పట్టపగలు ఏటీఎంలో నింపడానికి తెచ్చిన డబ్బు పెట్టెను ఇద్దరు దుండగులు కాల్పులు జరిపి బైకు మీద ఎత్తుకుపోయారు. నగదు వెంట వచ్చిన సిబ్బందిలో ఒకరు ప్రాణం కోల్పోయారు, మరొకరు గాయపడ్డారు. అదే రోజు ఆ ఇద్దరూ హైదరాబాద్ చేరి, అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఉద్యోగి మీద కూడా కాల్చారు. 1956లో రాష్ట్రాలను పునర్విభజించే వరకు మన న్యాల్‌కల్ సర్కిల్ బీదర్ తాలూకాలోనే ఉండేది. ఇప్పటికీ బట్టలకైనా, ఆసుపత్రికైనా మన మండలంలో చాలామంది పోయేది బీదర్‌కే. అందుకే ఈ వార్త మనకు దూరపు వార్త కాలేదు. 'దొంగ చేతిలో తుపాకీ ఉన్నప్పుడు మంచివాడి చేతిలో ఎందుకు ఉండకూడదు?' అనే మాట టీ హోటళ్ల దగ్గరే కాదు, ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో కూడా వినబడుతోంది.

ఈ ప్రశ్నను కొట్టిపారేయడం సరికాదు. అడిగేవారి మనసులో భయం ఉంది. భయపడేవాణ్ణి మందలిస్తే భయం పోదు. పైగా మన పిల్లలు అమెరికాలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ ఇదే ప్రశ్న మీద దేశం రెండుగా చీలి ఉంది. కాబట్టి రెండు పక్షాల మాటా విని, లేఖనాల వెలుగులో తూచి చూద్దాం.

ముందు మన దేశం సంగతి. 1857 తిరుగుబాటును చూసిన బ్రిటిష్ పాలకులు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదన్నారు. తెల్లవారికి మాత్రం మినహాయింపులు ఉండేవి. ఫిలిష్తీయులు ఇశ్రాయేలులో ఒక్క కమ్మరి కూడా లేకుండా చేసిన సంగతి 1 సమూయేలు 13వ అధ్యాయంలో చదువుతాం. నాగలి కర్రు పదును పెట్టించుకోవడానికి కూడా శత్రువు దగ్గరకే పోవాల్సి వచ్చింది. ప్రజల్ని లొంగదీసుకోవడానికి పాలకులు చేసే పని అదే. అందుకే గాంధీజీ కూడా ఆ చట్టాన్ని తీవ్రంగా నిందించాడు. 1931 కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఉంది.

మరి స్వతంత్రం వచ్చాక ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎందుకు రాలేదు? 1948 డిసెంబరు మొదటి వారంలో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ ప్రతిపాదించాడు. డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. కరాచీలో ఆ కోరిక కోరిన పరిస్థితి వేరు, మన ప్రభుత్వం మనమే ఏర్పరచుకున్న పరిస్థితి వేరు అన్నాడు. విచక్షణ లేకుండా ప్రతి పౌరునికీ ఆ హక్కు ఇస్తే, నేరమే వృత్తిగా బతికేవాడికి కూడా ఇచ్చినట్టే కదా అని వాదించాడు. చివరికి రాజ్యాంగం 19వ అధికరణంలో చోటు దొరికింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కుకే.

అంబేద్కర్ మాటలో మన పల్లెలకు చెందిన సత్యం ఒకటి ఉంది. పల్లెలో తుపాకీ ముందుగా చేరేది ఎవరి ఇంటికి? నిజాం కాలంలో తుపాకులు దేశ్‌ముఖుల గడీల్లో ఉండేవి. రైతుల చేతుల్లో కర్రలు, వడిసెలలు ఉండేవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది దేశ్‌ముఖు మనుషుల తూటాయే. నేడు తుపాకీ నిబంధనలు సడలిస్తే మన పేటలోని కూలీ కుటుంబానికి తుపాకీ అందుతుందా? దాని ధర, లైసెన్సు ఖర్చు, పోలీసు విచారణ, పలుకుబడి అన్నీ కలిపి చూస్తే ముందు వరుసలో నిలిచేది ఇప్పటికే బలం ఉన్నవాడే. అందరికీ సమానమని చెప్పే ఈ హక్కు చిన్నవారి సంఘాలను ఇంకా చిన్నవిగా చేస్తుంది. మైనారిటీలుగా ఉన్న మనం దీన్ని మరచిపోకూడదు.

ఇప్పుడు అమలులో ఉన్నది 1959 ఆయుధాల చట్టం. 21 ఏళ్లు నిండాలి, పోలీసు నివేదిక రావాలి, కారణం చూపాలి. 2016 నిబంధనలు శిక్షణను, ఇంట్లో భద్రంగా దాచడాన్ని కూడా చేర్చాయి. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకులను 3 నుంచి 2కు తగ్గించింది. లైసెన్సు గడువును 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని చెప్పింది. అక్రమంగా తుపాకులు తయారుచేసి అమ్మేవారికి యావజ్జీవం వరకు శిక్ష ఉంది.

తుపాకీ హక్కు కోరేవారు ఇక్కడ ఒక న్యాయమైన మాట అంటారు. ఏటా దేశంలో పట్టుబడే ఆయుధాల్లో అత్యధిక భాగం లైసెన్సు లేనివే. దొంగ కలెక్టరాఫీసుకు పోయి దరఖాస్తు పెట్టుకోడు. అలాంటప్పుడు చట్టం కట్టడి చేసేది చట్టానికి లోబడేవాడినే కదా అంటారు. నిజమే. కానీ దీనికి జవాబు దొంగ తుపాకీ తయారయ్యే చోటును, అది చేతులు మారే దారిని మూయించడం. ఇంటింటికీ తుపాకీ ఇస్తే దొంగిలించడానికి ఇంటింటా ఒకటి దొరుకుతుంది.

లైసెన్సు ఉన్న తుపాకీ ఎప్పుడూ మంచివాడి చేతిలోనే ఉంటుందన్నదీ నిజం కాదు. 2020 డిసెంబరు 18న ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో ఒక స్థానిక నాయకుడు తన లైసెన్సు తుపాకీతో కాల్చాడు. గాయపడిన వారిలో ఒకరు కొన్ని రోజులకు కన్నుమూశారు. ఆ తుపాకీ నమోదైనదే, ఆ మనిషికి నేరవృత్తి లేదు. చాలని కోపం ఒక్క నిమిషం ఉన్నది, ఆ నిమిషంలో తుపాకీ చేతికి అందింది.

ఇక అమెరికా. అక్కడ 1791లో చేర్చిన రెండవ సవరణ ఆయుధాల హక్కుకు ఆధారం. 2008లో సుప్రీంకోర్టు అది వ్యక్తిగత హక్కే అని తీర్పు చెప్పింది. 2022లో ఇంటి బయట తుపాకీ ధరించే హక్కును కూడా గుర్తించింది. అదే ఏడాది జూన్‌లో 21 ఏళ్ల లోపు కొనుగోలుదారులపై అదనపు తనిఖీ పెడుతూ అక్కడి పార్లమెంటు చట్టం చేసింది.

ఆ దేశపు వాదన తెలుగు ఇళ్లలోకి శవపేటికల రూపంలో వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అంతకుముందే గొడవపడి బయటికి పోయినవాడు తుపాకీతో తిరిగి వచ్చాడు. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ షాపింగ్ మాల్‌లో 8 మంది చనిపోయారు, వారిలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజినీరు కూడా ఉంది. ఆ హంతకుడు తన తుపాకులన్నీ చట్టబద్ధంగానే కొన్నాడని అధికారులు తెలిపారు.

దేవుని మందిరాలు కూడా దీనికి మినహాయింపు కాలేదు. 2015 జూన్ 17న చార్లెస్టన్‌లో బైబిలు అధ్యయనంలో కూర్చున్న 9 మందిని, వారి మధ్యనే కూర్చుని ప్రార్థన దాకా ఆగిన యువకుడు చంపాడు. మూడు రోజుల్లో తనిఖీ పూర్తికాకపోతే దుకాణదారు తుపాకీ అమ్మవచ్చన్న నియమం వల్లనే అతనికి అది దొరికింది. 2017 నవంబరు 5న సదర్లాండ్ స్ప్రింగ్స్ బాప్టిస్టు చర్చిలో, గర్భంలోని శిశువుతో కలిపి 26 మంది చనిపోయారు. కుటుంబ హింస కేసులో ఆ హంతకుడికి పడిన శిక్షను వైమానిక దళం తనిఖీ జాబితాకు పంపలేదు. పంపి ఉంటే అతనికి దుకాణంలో తుపాకీ దొరికేది కాదు.

అదే సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో ఇంకో సంగతి కూడా జరిగింది. చర్చి పొరుగున ఉన్న ఒక వ్యక్తి తన తుపాకీతో పరుగెత్తుకొచ్చి హంతకుణ్ణి ఎదిరించాడు. 2019 డిసెంబరులో టెక్సాస్‌లోనే మరో చర్చిలో కాల్పులు జరిపినవాణ్ణి సంఘపు భద్రతా బృందంలోని సభ్యుడు క్షణాల్లో పడగొట్టాడు. తుపాకీ హక్కును సమర్థించే విశ్వాసులు ఈ రెండింటినీ చూపిస్తారు, చూపించే హక్కు వారికి ఉంది. కానీ మొత్తం లెక్క కూడా చూడాలి. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా, అంటే 26,328 మంది, తమను తామే కాల్చుకున్నవారు. ఇంట్లో దొంగ కోసమని దాచిన తుపాకీ ఎక్కువగా ఆ ఇంటివాడి నిస్పృహకే పనికొచ్చింది.

ఈ మాట మన రైతు కుటుంబాలకు వివరించనక్కరలేదు. పురుగుమందు డబ్బా మంచం కింద ఉన్న ఇంటికీ, లేని ఇంటికీ ఒక చెడ్డ రాత్రి తేడా ఎంతో మనకు తెలుసు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చావాలన్న తలంపు చాలామందిలో వచ్చి పోయేది. ఆ గడియలో సాధనం అందకపోతే మనిషి మిగులుతాడు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ దగ్గర 35 మంది చనిపోయాక, ప్రభుత్వం నియమాలను బిగించి ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజల నుంచి డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

లేఖనం ఏమంటుంది? ప్రభువు కత్తి లేనివాడు పైబట్ట అమ్మి కొనుక్కోవాలన్న మాటను (లూకా 22:36) కొందరు చూపిస్తారు. శిష్యులు రెండు కత్తులు చూపితే చాలన్నాడు. పదకొండు మందికి రెండు కత్తులు యుద్ధానికి చాలవు. అదే రాత్రి పేతురు కత్తి దూస్తే వద్దన్నాడు, దెబ్బ తిన్నవాడి చెవిని బాగుచేశాడు. అలాగని ఆత్మరక్షణను లేఖనం నేరమనలేదు. నిర్గమకాండము 22:2-3 రాత్రి కన్నం వేసే దొంగను కొట్టి చంపినవాడి మీద రక్తాపరాధం లేదంటుంది. కానీ సూర్యుడు ఉదయించాక అయితే ఉందంటుంది. దొంగ ప్రాణానికి కూడా అక్కడ లెక్క ఉంది. హక్కు ఇచ్చిన చోటే దేవుడు హద్దు కూడా పెట్టాడు.

మన చర్చలో అంతగా వినబడని వచనం ద్వితీయోపదేశకాండము 22:8. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి. లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది. ఇల్లు నాది, కప్పు నాది, పడినవాడు తన అజాగ్రత్త వల్ల పడ్డాడు అనడానికి వీల్లేదు. తనిఖీ, శిక్షణ, తాళం, నమోదు అనేవి తుపాకీకి కట్టే పిట్టగోడలు. వాటిని స్వేచ్ఛకు అడ్డమనేవారు ఆ ఆజ్ఞను మరోసారి చదవాలి.

రోమా 13వ అధ్యాయం కత్తిని పాలకుని చేతిలో పెట్టింది. కాబట్టి పాలకునికీ ఒక మాట చెప్పాలి. 2025 మే 28న అస్సాం మంత్రివర్గం మారుమూల, సున్నిత ప్రాంతాల స్థానికులకు తుపాకీ లైసెన్సులు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. కాపాడవలసిన ప్రభుత్వం మీరే కాపాడుకోండి అంటే, తన పని తనకు చేతకావడం లేదని ఒప్పుకున్నట్టే. 2023 మే తర్వాత మణిపూర్‌లో వేల తుపాకులు పోలీసు ఆయుధాగారాల నుంచి గుంపుల చేతుల్లోకి పోయాయి. అక్కడ కాలిపోయిన మందిరాలను ఏ పక్షపు తుపాకీ కూడా కాపాడలేకపోయింది. తుపాకులు పంచిపెట్టడం తేలిక, తిరిగి రాబట్టడం ఎంత కష్టమో ఆ రాష్ట్రం చూపిస్తోంది.

సంఘాలుగా మనం చేయదగినవి ఉన్నాయి. అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు, దోపిడీ జరిగితే డబ్బు ఇచ్చేసి ప్రాణం దక్కించుకోమని చెప్పాలి. స్నేహితుల గదిలో తుపాకీ ఉంటే దానితో ఆటలు వద్దని, మనసు బాగాలేని స్నేహితుడి దగ్గర తుపాకీ ఉంటే ఊరుకోవద్దని చెప్పాలి. ఇక్కడ అడవి పందుల బాధ పడే రైతులు నాటు తుపాకీ కోసమో, కరెంటు తీగ కోసమో చూడకూడదు. ఆ తీగకు పొరుగు రైతే బలైన వార్తలు మన రాష్ట్రంలో ఎన్నో చదివాం. పంట పాడుచేసే పందులను గుర్తింపు పొందిన షూటర్లతో కాల్పించే వీలు రాష్ట్ర ప్రభుత్వం కల్పించింది. ఆ వీలు మన ఊరికి అందకపోతే సంఘ పెద్దలు, గ్రామ పెద్దలు కలిసి అటవీ అధికారులను అడగాలి. సరిహద్దు రోడ్ల మీద అక్రమ ఆయుధాల తనిఖీ గట్టిగా జరగాలని రెండు రాష్ట్రాల పోలీసులను కోరాలి. ఆదివారపు విజ్ఞాపనలో అధికారుల కోసం ప్రార్థించేటప్పుడు ఈ సంగతిని పేరు పెట్టి ప్రార్థించాలి.

మీకా 4వ అధ్యాయం ఖడ్గాలు నాగటి నక్కులుగా మారే దినాన్ని చూపి అక్కడితో ఆగలేదు. ప్రతివాడు తన చెట్టు కింద, భయపెట్టేవాడు లేకుండా కూర్చుంటాడని చెబుతుంది. మన ప్రజలు కోరేది ఆ భయం లేని బతుకే. అది ఒక్కో ఇంట్లో ఒక్కో తుపాకీ పెట్టుకుంటే రాదని మా నమ్మకం. న్యాయమైన చట్టాన్ని, అమలు చేసే పాలకుణ్ణి, పొరుగువాని ప్రాణాన్ని తన ప్రాణంలా ఎంచే సంఘాన్ని ప్రభువు మనకు దయచేయును గాక.