తవుడుకి కొన్న పిల్లలు

మొన్న శ్రావణ శుక్రవారం తెలిసినవాళ్ళింటికి పేరంటానికి వెళ్ళాను. ఆ ఇంటి పిల్లాడికి నాలుగేళ్ళు. శనగలు పంచుతూ హడావిడిగా తిరుగుతున్నాడు. ఒక పెద్దావిడ వాణ్ణి దగ్గరకు లాక్కుని, "నువ్వు వీళ్ళ పిల్లాడివి కాదురా, నిన్ను తవుడుకి కొన్నారు" అంది. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడా నవ్వుతోంది. మెల్లగా వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాడు. "అబ్బో, వీడికి పౌరుషం ఎక్కువే" అని ఇంకెవరో తగిలించారు.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ తలుపే కళ్ళముందు కనబడింది. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

పిల్లలు "నేను ఫలానా" అని తెలుసుకుని పుట్టరు. 1972లో ప్రచురించిన ఒక ప్రయోగంలో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే అమెరికన్ పరిశోధకురాలు పసివాళ్ళ ముక్కుకి రంగు పూసి అద్దం ముందు ఉంచారు. అద్దంలో పిల్ల తానేనని తెలిసి సొంత ముక్కు తడుముకోవడం ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్యనే కనిపించింది. ఇక మూడు నాలుగేళ్ళవాణ్ణి "నీ గురించి చెప్పరా" అంటే ఏం చెబుతాడు? "నాకు ఎర్ర సైకిలుంది, నేను గట్టిగా పరిగెడతాను" అంటాడు. "నేను మొండివాణ్ణి, నేను మొద్దుని" అని వాడంతట వాడికి తోచదు. ఆ మాటలు మనం నేర్పినవే.

సరదాకి అన్నాం కదా అంటారు. డిగ్రీలో మాకు వ్యాజస్తుతి అని ఒక అలంకారం చెప్పారు. పైకి తిట్టినట్టుంటుంది, లోపల పొగడ్త. అది బుర్రకెక్కడానికి ఇరవై ఏళ్ళ వయసులో మేమే తలలు పట్టుకున్నాం. నాలుగేళ్ళవాడికి మన వేళాకోళం వెనక ముద్దు అర్థమైపోతుందా?

"మమ్మల్నీ అన్నారు, మాకేమైంది?" అనేది ఇంకో మాట. ఏమీ కాకపోతే ఇన్నేళ్ళు ఎందుకు గుర్తుంది? నన్ను ఇంట్లో కర్రిపిల్ల అనేవారు, ముద్దుగానే. నలభై దాటినా, చీరల కొట్లో లేత రంగు చీర పరిస్తే "నాకు నప్పదండీ" అని ఇప్పటికీ అడ్డంగా తలూపుతాను. ఒంటిమీద వేసుకుని చూసుకున్నది మాత్రం ఎప్పుడూ లేదు.

అంత తెలిసీ నేనూ అదే పని చేశాను. మా అమ్మాయి మూడేళ్ళప్పుడు కొత్తవాళ్ళను చూస్తే నా కొంగు వెనక దాక్కునేది. "మా పిల్లకు సిగ్గండీ" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సెమినార్‌లో మాట్లాడమంటే మానేసింది. ఎందుకే అంటే, "నాకు సిగ్గు కదమ్మా, చిన్నప్పటినుంచీ నువ్వే అంటావుగా" అంది. నా దగ్గర జవాబు లేదు.

అలాగని "మావాడు జీనియస్" అని ఎత్తేయడమూ మందు కాదు. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తెలివైనవాడివని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు రాగానే డీలాపడ్డారు. బాగా కష్టపడ్డావని అనిపించుకున్నవాళ్ళు వదలకుండా ప్రయత్నించారు. వాళ్ళు బడి పిల్లలే, నిజమే. కానీ మనం బిరుదులివ్వడం మొదలుపెట్టేది ఎల్‌కేజీ కంటే ముందే కదా!

కాబట్టి తిట్టు బిరుదూ వద్దు, పొగడ్త బిరుదూ వద్దు. పిల్ల చేసిన పని గురించి మాట్లాడదాం. "పాలు ఒలికాయి, గుడ్డ తెచ్చి తుడువు." "ఇవాళ చెప్పులు నువ్వే వేసుకున్నావే!" ఇంతే.

ఇకమీదట ఎవరైనా నా ఎదుట తవుడు మాట ఎత్తితే నవ్వను. "కాదు నాన్నా, నువ్వు మీ అమ్మ కడుపున పుట్టినవాడివే" అని అందరిముందూ చెబుతాను. మీరూ చెప్పండి. ఆ పెద్దావిడ నొచ్చుకుంటుందేమో, నొచ్చుకోనివ్వండి. ఆవిడకు అరవై ఏళ్ళు, తట్టుకుంటుంది. వాడికి నాలుగే.