పొగగొట్టం పక్కకి తిప్పితే పవర్ పెరుగుతుందా?

టర్బో కారు కొన్న కుర్రాళ్ళకి వచ్చే కోరికల్లో సైడ్ ఎగ్జిట్ ఎగ్జాస్ట్ ఒకటి. అంటే ఇంజన్ నుంచి వెనక బంపర్ దాకా పోయే గొట్టాన్ని మధ్యలో కోసేసి, వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింద నుంచి బయటకి తీయడం. దానికి చెప్పే కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే: "పవర్ కోసం మామా!"

నా మటుకు నాకు ఈ కారణం మీదే అభ్యంతరం. శబ్దం కోసం అంటే నేనేమీ అనను. ఎవరి సరదా వారిది. కానీ పవర్ పేరు చెప్తే లెక్క చూడాల్సిందే కదా.

ముందు న్యాయంగా ఒక మాట. టర్బో ఇంజన్‌కి "కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అని కొందరు మెకానిక్కులు చెప్పేది తప్పు. టర్బైన్‌ని తిప్పేది దాని ముందూ వెనకా ఉండే పీడనాల తేడా. వెనక పీడనం ఎంత తగ్గితే టర్బో అంత తొందరగా అందుకుంటుంది. సిద్ధాంతం వరకూ కుర్రాళ్ళదే రైటు.

చిక్కల్లా అడ్డు ఎక్కడుందన్న దగ్గరే. టర్బైన్ దాటిన వెంటనే డౌన్‌పైపు, దాని తర్వాత కెటలిటిక్ కన్వర్టర్. గ్యాస్ బాగా వేడిగా, పెద్ద ఘనపరిమాణంతో ఉండేది అక్కడ. ఇరుకు ఎక్కువగా ఉండేదీ అక్కడే. వెనక మఫ్లర్ దాకా వచ్చేసరికి గ్యాస్ చల్లబడి కుదించుకుపోతుంది. మనవాళ్ళు కోసేది ఆ చివరి ముక్కని. మన భాషలో చెప్పాలంటే ప్రొఫైలర్ రన్ చెయ్యకుండా, టైమంతా డేటాబేస్ క్వెరీ తింటుంటే లాగ్ ప్రింట్ చేసే ఫంక్షన్‌ని ఆప్టిమైజ్ చేసినట్టు. కోడ్ రివ్యూలో జూనియర్ ఇలా చేస్తే మనం ఊరుకుంటామా?

ఇంకోటి. ఇప్పటి టర్బో కార్లలో ఈసీయూ దగ్గర టార్క్ టార్గెట్ ఉంటుంది. గొట్టంలో అడ్డు తగ్గిందనుకోండి, అది వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త తెరిచి బూస్ట్‌ని పాత అంకె దగ్గరే ఉంచుతుంది. రీమ్యాప్ చెయ్యకపోతే మీకు మిగిలేది శబ్దమే. రీమ్యాప్ చేస్తే ఇంజన్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి.

మరి రేసు కార్లకి ఎందుకు పెడతారు? అమెరికా నాస్కార్ కార్లకి పొగ పక్క నుంచే వస్తుంది. గొట్టం పొట్టిదైతే బరువు తక్కువ, వెనక భాగంలో చోటు మిగులుతుంది. అక్కడ స్పీడ్ బ్రేకర్లు లేవు, పక్కన నడిచేవాళ్ళు లేరు, పైన ఫ్లాట్‌లో నిద్రపోయే పసిపిల్లలు లేరు. అయినా అక్కడ కూడా పొగ పగబట్టింది. రిక్ మాస్ట్ అనే నాస్కార్ డ్రైవర్ ఏళ్ళ తరబడి కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరోగ్యం పాడై 2003లో రేసింగే మానుకున్నాడు.

ఇక మన రోడ్ల సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 112వది చదివితే సరదాగా ఉంటుంది. పొగ కిందికి రాకూడదు, ఎడమవైపుకీ రాకూడదు, కుడివైపుకో వెనక్కో పోవాలి. ఎందుకంటే ఎడమపక్క మనుషులు నడుస్తుంటారు. అంటే సైడ్ ఎగ్జిట్ పెట్టాలంటే చట్టం ప్రకారం మిగిలేది కుడిపక్క. మన దేశంలో కుడిపక్క కూర్చునేది ఎవరండీ? స్టీరింగ్ పట్టుకున్న మీరే! ట్రాఫిక్‌లో ఆగి అద్దం దించితే మీ పొగ మీకే నైవేద్యం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి ముక్కుని నమ్ముకునే వీల్లేదు.

పోనీ కుడిపక్కే పెట్టించారనుకుందాం. అప్పటికీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద 10,000 దాకా. బుల్లెట్ సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు చూసి నవ్వుకున్నాం గానీ, చట్టం దృష్టిలో కారుకి వేరే మర్యాదేం లేదు.

"జరిమానాదేముంది, కట్టేస్తా" అనేవాళ్ళకి నాదొక ప్రశ్న. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మన కార్లన్నీ సెల్లార్లో ఉంటాయి. చాలా చోట్ల వాచ్‌మన్ కుటుంబం ఉండేది కూడా ఆ సెల్లార్ గదిలోనే. నైట్ షిఫ్ట్ అయ్యాక రెండింటికి మీరు దిగేసరికి వాళ్ళ పిల్లలు నిద్రలో ఉంటారు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. మఫ్లర్ లేని కారు, మూడు వైపులా గోడలు... లెక్క మీరే వేసుకోండి. పైగా చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొత్తలో కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కదు, వేడెక్కేదాకా అది పని చెయ్యదు. ఆ పొగ ఆ గది తలుపు వైపే పోతుంది. సెక్రటరీ మీద అరిచే ధైర్యం మనకుంది. మన మీద అరిచే ధైర్యం ఆ వాచ్‌మన్‌కి లేదు. అందుకే ఈ సరదా ఖర్చులో ఆయన వాటా ఎవరి లెక్కలోకీ రాదు.

అంత ఇష్టమైతే ట్రాక్ కోసం వేరే కారు పెట్టుకోండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ఉంది, కోయంబత్తూర్లో కరి స్పీడ్‌వే ఉంది. ఆ కారుకి కూడా గొట్టాన్ని పెట్రోల్ పైపుకి, బ్రేక్ పైపులకి దూరంగా తీయించండి. మధ్యలో ఫ్లెక్స్ పైపు, హీట్ షీల్డ్ పెట్టించండి. చివర బాడీని దాటి బయటకి ఉండేలా చూడండి, లేకపోతే పొగ కింద చేరి క్యాబిన్లోకి వస్తుంది.

రోడ్డు మీద తిరిగే కారుకి మాత్రం వద్దు. ఆ డబ్బుతో మంచి టైర్లూ బ్రేక్ ప్యాడ్లూ కొనుక్కుంటే కారు నిజంగానే బాగుపడుతుంది. శబ్దం రాదనుకోండి, అదొక్కటే లోటు :)

కాదంటారా? డైనో కాగితం ఉంటే చూపించండి. గొట్టం కోయక ముందుదీ, కోశాక తీసిందీ, రెండూ ఒకే మ్యాప్ మీద.