పాత సామాను, పాత బంగారము

సంసారమన్న తరువాత సామాను పోగగుట సహజము. నవారు మంచము, కుట్టుమిషను, పిల్లలు విడిచిన సైకిలు కొంతకాలమునకు ఇంటికి బరువగును. వెనుక ఇట్టివి హైదరాబాదు జుమ్మెరాత్ బజారుకో, ఎర్రగడ్డ ఆదివారపు సంతకో చేరెడివి. నేడు సెల్‌ఫోనులో ఫొటో తీసి ఆన్‌లైనులో పెట్టినచో కొనువాడే గుమ్మము ముందు నిలుచుచున్నాడు. ఈ సౌకర్యముతోపాటు ఒక భయము కూడ మన ఇండ్లలో ప్రవేశించినది. చేతికి వచ్చిన ఆ సొమ్ముపై పన్ను కట్టవలెనా?

ఈ భయము చాలవరకు నిరాధారమని మా అభిప్రాయము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము, మనమును మనపై ఆధారపడిన కుటుంబ సభ్యులును వాడుకొను చరవస్తువులను మూలధన ఆస్తుల నుండి మినహాయించినది. 2026 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన 2025 చట్టము కూడ ఈ మినహాయింపును నిలిపినది. కనుక పాత బీరువా అమ్మిన సొమ్ము పన్నుకు లోబడదు. దానివలన కలిగిన నష్టమును చూపుకొనుటకును వీలులేదు. వస్తు సేవల పన్ను సైతము వ్యాపార రీత్యా జరుగు అమ్మకములకే వర్తించును. వ్యక్తులు తమ పాత నగలు అమ్ముకొనుట వ్యాపారము కాదని ఆర్థిక మంత్రిత్వ శాఖ 2017 జూలైలో స్పష్టము చేసినది. అయితే పాత ఫోనులు పదిచోట్ల కొని లాభమునకు అమ్మువాడు వర్తకుడే. అతడు ఇంటి సామాను మాటున దాగరాదు.

చిక్కంతయు బంగారము దగ్గరనే ఉన్నది. చట్టము కట్టుబట్టలను విడిచిపెట్టినది గాని నగలను విడువలేదు. చిత్రపటములు, శిల్పములు మొదలగు కళావస్తువులకును ఇదే గతి. లక్ష్మీపూజలో ఉంచిన బంగారు, వెండి నాణెములు స్వంత వాడుక వస్తువులు కావని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 24 నెలలకు పైబడి మన వద్దనున్న నగను 2024 జూలై 23 తరువాత అమ్మినచో లాభముపై 12.5 శాతము పన్ను. ద్రవ్యోల్బణమును బట్టి కొన్న ధరను పెంచి చూపు వెసులుబాటు ఆనాటితో తొలగినది. తల్లి నుండి సంక్రమించిన నగకు తల్లి కొన్న ధరయే లెక్క. 2001 ఏప్రిల్ 1కి పూర్వపు నగకు మాత్రము ఆనాటి విలువను తీసుకొనవచ్చును.

మొత్తము ఆదాయము మినహాయింపు హద్దు దాటని నిరుపేదకు ఈ భారము లేదు. నలుగువాడు మధ్యతరగతి జీతగాడు. నల్లపూసల దండయైనను, కాలీపోత్ లచ్ఛాయైనను మన స్త్రీలకు అది విలాసము కాదు, ఆపదలో ఆదుకొను నిధి. ఆసుపత్రి ఖర్చుకో, బిడ్డ చదువుకో కన్నీటితో అమ్మిన నగను, లాభాపేక్షతో కొని దాచిన బంగారముతో సమానముగ చూచుట న్యాయమా?

ప్రభుత్వమే ఒక మార్గము చూపియున్నది. సోదాల సమయమున వివాహిత వద్ద 500 గ్రాములు, అవివాహిత వద్ద 250 గ్రాములు, పురుషుని వద్ద 100 గ్రాముల వరకు నగలను స్వాధీనపరచుకొనరాదని 1994లో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆదేశించినది. అంతమాత్రము బంగారము కుటుంబమునకు సహజమని సోదాలో అంగీకరించినవారు, అమ్మకములో ఏల అంగీకరింపరాదు? మినహాయింపు ఇచ్చినచో నల్లధనము నగల రూపము దాల్చునని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అందువలననే తూకమునకు హద్దు విధించి, వైద్యమునకో చదువుకో వ్యయమైనట్లు రసీదు చూపినవారికే మినహాయింపు ఇయ్యవలెనని కోరుచున్నాము.

అంతవరకు మన కర్తవ్యము మనకున్నది. నగ ఎవరిది, ఎప్పటిది, ఎంత తూకము అను వివరములను పెద్దలు జీవించియుండగనే అడిగి వ్రాసి ఉంచుకొనవలెను. రసీదులను పారవేయరాదు. ఈ నిబంధనలను తెలుగులోను ఉర్దూలోను ఇంటివారికి చదివి వినిపించుట చదువుకొన్న మన విధి. తెలియని చట్టమునకు భయపడు ఇల్లు, తెలిసిన చట్టమును ప్రశ్నింపగల ఇల్లుగ మారవలెనని మా ఆకాంక్ష.